కంప్యూటర్ ఆగిపోయింది సరే, ఎప్పుడు ఆగింది?

సాయంత్రం పూట కరెంటు పోతుంది. ఇన్వర్టర్ అందుకుంటుంది. ఫ్యాను వేగం తగ్గినట్టు కూడా తెలియదు, ట్యూబులైటు ఒక్కసారి కన్నుకొట్టి మళ్లీ వెలుగుతుంది. కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. మర్నాడు షాపుకు తీసుకెళ్తే "ఎస్‌ఎంపీఎస్ వీకైంది సార్, మార్చేద్దాం" అంటారు. ఇంకో ఇంట్లో బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. అక్కడా అదే మాట. మరో చోట గేమ్ మొదలుపెట్టిన పావుగంటకు తెర నల్లబడుతుంది. మళ్లీ అదే మాట.

ఆ అనుమానం అన్యాయమేమీ కాదు. డెస్క్‌టాప్‌లో గోడ నుంచి వచ్చే కరెంటు దెబ్బలన్నీ ముందుగా తినేది, ఆ కరెంటును కంప్యూటర్‌కు తగినట్టు మార్చే ఎస్‌ఎంపీఎస్సే. వేడి, దుమ్ము కూడా దానికే ఎక్కువ. కానీ పైన చెప్పిన మూడూ మూడు వేర్వేరు సమస్యలు కావచ్చు. మొదటిదానిలో అసలు ఏ భాగమూ పాడై ఉండకపోవచ్చు. "పవర్ ప్రాబ్లమ్" అని అందరం ఒకే పేరు పెట్టడం వల్ల అన్నీ కలిసిపోతున్నాయి. వాటిని విడదీయడానికి నాకు తెలిసినంతలో పనికొచ్చే ప్రశ్న ఒకటే: అది ఏ క్షణంలో ఆగింది? బటన్ నొక్కకముందే నిర్జీవంగా ఉందా, నొక్కిన సెకనులోనా, పని పెరిగినప్పుడా, వీధిలో కరెంటు రెపరెపలాడినప్పుడా? ఆ క్షణాన్ని బట్టి తప్పు ఎక్కడుందో చాలావరకు తేలిపోతుంది.

## గోడ సాకెట్ నుంచి ప్రాసెసర్ దాకా

మన సాకెట్లలోకి వచ్చేది 230 వోల్టుల ఏసీ, అంటే దిశ మారుతూ ఉండే కరెంటు. సెకనుకు 50 ఆవృత్తాలు, అంటే ఒక్కోదానికి 20 మిల్లీసెకన్లు. ఈ 20 అనే అంకె కాసేపట్లో పనికొస్తుంది. కంప్యూటర్‌లోని చిప్పులకు కావలసింది మాత్రం తక్కువ వోల్టేజి డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు. ఒకదాన్ని రెండోదిగా మార్చేదే కేబినెట్ వెనక ఫ్యానుతో కనిపించే ఇనప డబ్బా, ఎస్‌ఎంపీఎస్. అది ముందు ఏసీని సుమారు 325 వోల్టుల డీసీగా మార్చి కరెంటును కాసేపు నిల్వ ఉంచే ఒక పెద్ద కెపాసిటర్‌లో నింపుతుంది. 230 అన్నది ఒకరకమైన సగటు లెక్క. అలలో శిఖరం దానికి 1.414 రెట్లు ఉంటుంది కనుక 325 వస్తుంది. తర్వాత ఆ డీసీని సెకనుకు వేల సార్లు తెంపుతూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి, కావలసిన వోల్టేజీలు తీస్తుంది.

బయటికొచ్చే తీగల రంగులు 1995లో డెస్క్‌టాప్ భాగాల కోసం ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణం నుంచి వచ్చినవి. పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3, నలుపు గ్రౌండు. ఈ మూడు వోల్టేజీలూ 5 శాతం అటూఇటూ ఉండొచ్చు. అంటే 12 వోల్టుల తీగ 11.4 నుంచి 12.6 మధ్య ఉన్నంతవరకు ఆరోగ్యంగా ఉన్నట్టే. ఈమధ్య చాలా ఎస్‌ఎంపీఎస్‌లలో తీగలన్నీ నలుపే. అప్పుడు కనెక్టర్‌లో పిన్ను ఉన్న చోటును బట్టే గుర్తించాలి.

అసలు కథ మాత్రం మిగిలిన మూడు తీగలది. ఊదారంగు తీగలో కంప్యూటర్ ఆపి ఉన్నా సరే, గోడ స్విచ్ వేసి ఉంటే చాలు, ఎప్పుడూ 5 వోల్టులు వస్తూనే ఉంటాయి. దీన్ని స్టాండ్‌బై అంటారు. మీరు బటన్ నొక్కారని మదర్‌బోర్డుకు తెలిసేది ఈ కాస్త కరెంటుతోనే. బటన్ నొక్కగానే బోర్డు ఆకుపచ్చ తీగను గ్రౌండుకు కలుపుతుంది. అది ఎస్‌ఎంపీఎస్‌కు "మొదలుపెట్టు" అన్న సంకేతం. అన్ని వోల్టేజీలూ నిలదొక్కుకున్నాక, 100 నుంచి 500 మిల్లీసెకన్ల తర్వాత, ఎస్‌ఎంపీఎస్ బూడిదరంగు తీగ మీద "పవర్ గుడ్" అని జవాబిస్తుంది. అది వచ్చేదాకా బోర్డు ప్రాసెసర్‌ను రీసెట్‌లోనే పట్టి ఉంచుతుంది.

ఇంకో మెట్టు ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. 12 వోల్టులు నేరుగా ప్రాసెసర్‌లోకి పోవు. ప్రాసెసర్ పక్కనే బోర్డు మీద ఉండే వీఆర్ఎం సర్క్యూట్ వాటిని ఒక వోల్టు చిల్లరకు దించుతుంది. 88 వాట్లు తాగే ప్రాసెసర్‌కు 1.2 వోల్టుల దగ్గర ఎంత కరెంటు కావాలో లెక్క వేస్తే 73 ఆంపియర్లు తేలుతుంది. ఇంటి మెయిన్ ఎంసీబీ మీద సాధారణంగా కనిపించే అంకె కంటే ఎక్కువ. ఎస్‌ఎంపీఎస్ కొత్తదైనా ఈ వీఆర్ఎం పాడైతే లక్షణాలన్నీ "పవర్ ప్రాబ్లమ్" లాగే ఉంటాయి.

## నొక్కినా ఉలుకూ పలుకూ లేకపోతే

లైటు లేదు, ఫ్యాను కదలదు. అంటే తప్పు స్టాండ్‌బై దశలోనో, అంతకుముందో ఉంది. నమ్మలేనంత ఎక్కువసార్లు అది కంప్యూటర్ బయటే ఉంటుంది: వదులైన సాకెట్, ఎక్స్‌టెన్షన్ బాక్సులో కాలిపోయిన ఫ్యూజు, ఊడ్చేటప్పుడు చెయ్యి తగిలి ఆఫ్ అయిన వెనక స్విచ్చి. ఇవి చెప్పుకోవడానికి చిన్నతనంగా ఉంటాయి కాబట్టి ఎవరూ ముందు చూడరు.

పాత ఎస్‌ఎంపీఎస్‌ల వెనక 115, 230 అని రాసి ఉన్న ఎర్రటి చిన్న స్విచ్చి కనిపిస్తుంది. అమెరికా లాంటి దేశాల కరెంటుకు 115, మనకు 230. పిల్లలు ఆడుకుంటూ దాన్ని 115కు జరిపితే, స్విచ్ వేసిన మరుక్షణం లోపలి కెపాసిటర్ల మీద ఉండాల్సినదానికి రెట్టింపు వోల్టేజి పడుతుంది. టప్‌మన్న శబ్దం, కాలిన వాసన, అంతే. అమెరికాలో కొన్న పాత డెస్క్‌టాప్‌ను ఇంటికి తెచ్చుకున్నవాళ్లు కూడా మొదట చూడాల్సింది అక్కడే. కొత్తవాటిలో చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా తమంతట తామే సర్దుకుంటాయి, ఈ స్విచ్చే ఉండదు.

బయటంతా బాగున్నప్పుడు ఊదారంగు తీగ దగ్గర మల్టీమీటర్ పెడితే కథ రెండుగా చీలుతుంది. అక్కడ 5 వోల్టులు లేవంటే ఎస్‌ఎంపీఎస్ పోయినట్టే, లేదా బోర్డులో షార్టు దాన్ని కిందికి లాగేస్తోంది. బోర్డు నుంచి కనెక్టర్ తీసి మళ్లీ కొలిస్తే ఆ రెండిట్లో ఏదో తెలుస్తుంది. 5 వోల్టులు ఉన్నాయంటే సంకేతం దారి చూడాలి: కేబినెట్ ముందున్న బటన్, దాని సన్నటి తీగలు, బోర్డు. బటన్ అరిగిపోవడం మామూలే. అందుకే మెకానిక్‌లు పవర్ పిన్నులకు రీసెట్ బటన్ తీగ తగిలించి చూస్తారు. రెండూ పనిచేసే తీరు ఒకటే కాబట్టి, దానితో ఆన్ అయితే తప్పు పాత బటన్‌దే.

ఈ దశలో ఇంకో వింత ఉంది. రోజూ వాడినన్నాళ్లూ బాగానే ఉంటుంది. వేసవి సెలవులకు ఊరెళ్లి, అన్నీ ఆపేసి, నెలకు తిరిగొచ్చి చూస్తే ఆన్ కాదు. నాలుగైదుసార్లు ప్లగ్ తీసి పెట్టాక లేస్తుంది. దీనికి తరచూ కారణం స్టాండ్‌బై సర్క్యూట్‌లోని చిన్న కెపాసిటర్లు ఎండిపోవడం. గోడ స్విచ్ వేసి ఉన్నంతకాలం ఆ సర్క్యూట్ ఆగకుండా నడుస్తుంది, ఆ వేడిలోనే కెపాసిటర్లలోని ద్రవం మెల్లగా ఆవిరవుతుంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు ఒక మోటు లెక్క ఉంది: వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుంది. అలా ఎండినవి ఒకసారి నడుస్తుంటే నడుస్తాయి. పూర్తిగా ఆరిపోయి మళ్లీ మొదలవ్వాలంటేనే మొరాయిస్తాయి. అలాంటి ఇంట్లో "స్విచ్ ఆపకపోతే బాగుంటుంది" అని ఒక నమ్మకం పుడుతుంది. గమనించినంతవరకు అది నిజమే, కానీ ఆపకుండా ఉంచడమే ఆ కెపాసిటర్లను ఎండబెడుతోంది.

ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫ్యూజు పోతే ఫ్యూజు ఒక్కటే మారిస్తే చాలనుకునేవారున్నారు. ఆ ఫ్యూజు ఉట్టినే పోవడం అరుదు. సాధారణంగా వెనకాల ఒక ట్రాన్సిస్టర్ షార్టై ఉంటుంది, కొత్త ఫ్యూజు కూడా అప్పటికప్పుడే పోతుంది. పైగా ఆ పెద్ద కెపాసిటర్‌లో ప్లగ్ తీశాక కూడా ప్రాణం తీయగల వోల్టేజి నిలిచి ఉండొచ్చు. తెలిసిన చేతులు తప్ప ఆ డబ్బా విప్పకూడదనేది అందుకే.

## ఒక్క క్షణం కదిలి ఆగిపోతే

బటన్ నొక్కగానే ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగుతుంది. చాలామంది దీన్ని "ఎస్‌ఎంపీఎస్‌కు బలం చాలడం లేదు" అనుకుంటారు. చాలాసార్లు నిజం దానికి తలకిందులు: ఎస్‌ఎంపీఎస్ బాగుండబట్టే ఆగింది. ఎక్కడో షార్టు ఉందనో, ఏదో వోల్టేజి హద్దు దాటిందనో గుర్తించి తనను తాను మూసుకుంది. అలా మూసుకున్నాక చాలా మోడళ్లు బటన్ ఎన్నిసార్లు నొక్కినా పలకవు. గోడ దగ్గర కరెంటు తీసి, లోపలి నిల్వ ఖాళీ అయ్యాకే మళ్లీ లేస్తాయి. "ప్లగ్ తీసి, అరనిమిషం బటన్ నొక్కి పట్టుకో" అన్న చిట్కా వెనక మంత్రమేమీ లేదు, ఇదే ఉంది.

షార్టు ఎక్కడైనా ఉండొచ్చు. బోర్డు కింద జారిపడ్డ స్క్రూ, కేబినెట్‌కు ఆనిన బోర్డు వెనకభాగం, పాడైన గ్రాఫిక్స్ కార్డు, వంగిన యూఎస్‌బీ పిన్ను. ప్రాసెసర్, ఒక ర్యామ్ తప్ప మిగతావన్నీ తీసేసి చూడటమన్న పాత పద్ధతికి తర్కం ఇదే: ఏది తీస్తే కంప్యూటర్ నిలబడిందో అనుమానం దాని మీదికి పోతుంది.

ఇక్కడే పేపర్ క్లిప్ పరీక్ష మాట వస్తుంది. కనెక్టర్ బోర్డు నుంచి తీసి, ఆకుపచ్చ తీగను నల్లతీగతో కలిపితే ఎస్‌ఎంపీఎస్ బోర్డు ప్రమేయం లేకుండా ఆన్ అవుతుంది. యూట్యూబ్‌లో దీన్ని తుది తీర్పులా చూపిస్తారు. దీన్ని కొట్టిపారేసేవాళ్లు కూడా అంతే గట్టిగా మాట్లాడతారు. ఇద్దరి మాటలోనూ సగం నిజముంది. ఫ్యాను తిరగకపోతే ఎస్‌ఎంపీఎస్ పోయిందనడానికి అది మంచి ఆధారం (నిశ్శబ్దంగా ఉండాలని తక్కువ లోడులో ఫ్యానే తిప్పని మోడళ్లు తప్ప). తిరిగితే మాత్రం తేలేది చాలా తక్కువ, ఎందుకంటే అప్పుడు దాని మీద భారం లేదు. భారం లేకుండా 12.1 వోల్టులు చూపించినది, 15 ఆంపియర్లు లాగగానే 10కి జారిపోవచ్చు.

ఫ్యాన్లన్నీ హాయిగా తిరుగుతూ, తెర మీద మాత్రం ఏమీ రాకపోతే అది చాలావరకు ఈ వ్యాసం పరిధిలోది కాదు. ర్యామ్ సరిగా కూర్చోకపోవడం, మానిటర్ తీగ తప్పు చోట పెట్టడం, గ్రాఫిక్స్ కార్డు, బయోస్ వంటివి ముందు వరుసలో ఉంటాయి. ఒక్క మినహాయింపు చెప్పుకోవాలి. ప్రాసెసర్ పక్కన విడిగా పెట్టే 8 పిన్నుల కనెక్టర్ మరిచిపోయినా సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఫ్యాన్లకు కరెంటు పెద్ద కనెక్టర్ నుంచి వస్తుంది, ప్రాసెసర్‌కు మాత్రం అందదు.

## పని పెరిగినప్పుడే ఆగితే: లేబుల్ మీది వాట్లు, అసలు వాట్లు

టైపింగ్ చేస్తే, సినిమా చూస్తే ఏమీ కాదు. గేమో, వీడియో రెండరింగో మొదలుపెడితే పోతుంది. అప్పుడు లేబుల్ చదవాలి, అదీ పెద్దక్షరాల్లో ఉన్న అంకెను కాదు.

ఒక చవక ఎస్‌ఎంపీఎస్ మీద పెద్దగా 450 వాట్లు అని ఉందనుకుందాం. కింద పట్టికలో 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లు అని ఉంది. 12ను 16తో గుణిస్తే 192 వాట్లు. ఈ రోజుల్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తమ కరెంటు దాదాపు మొత్తం 12 వోల్టుల నుంచే తీసుకుంటాయి. ఏఎండీ 65 వాట్ల తరగతి ప్రాసెసర్ పూర్తి వేగంలో 88 వాట్ల దాకా తీసుకోగలదు. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 కార్డుది 170 వాట్లు. కలిపితే 258. అంటే 450 అని రాసి ఉన్న డబ్బా మీద, అది ఇవ్వగలిగిన 192 కంటే 66 వాట్లు ఎక్కువ భారం వేశాం. నాణ్యమైన 450 వాట్ల మోడల్‌లో అదే గడిలో 36 ఆంపియర్లు, అంటే 432 వాట్లు కనిపించొచ్చు. బయటి అంకె ఒకటే, లోపలి సత్తా సగానికి తక్కువ.

అలాగని వాట్లు ఎంత పెద్దవైతే అంత మేలనే మాటకూ హద్దుంది. 300 వాట్లు వాడే కంప్యూటర్‌కు 1000 వాట్లది పెడితే బిల్లు మూడింతలు రాదు. ఎస్‌ఎంపీఎస్ అడిగినంతే తీసుకుంటుంది. ప్రమాదం లేదు, కొనేటప్పుడు అయ్యే ఖర్చే అదనం. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ వంటి ముద్రలు కూడా సమర్థత గురించి, అంటే వేడిగా వృథా అయ్యేది ఎంతో చెబుతాయి. షార్టు నుంచి రక్షణ ఎలా ఉందో, వోల్టేజి ఎంత నిలకడో చెప్పవు. పైగా ఆ ముద్ర ఇచ్చేటప్పుడు పరీక్షించేది 23 డిగ్రీల గదిలో. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో కేబినెట్ లోపలి వేడి వేరు.

సగటు సరిపోయినా ఆగిపోయే కంప్యూటర్లున్నాయి. ఆధునిక గ్రాఫిక్స్ కార్డులు మిల్లీసెకను కంటే తక్కువ సేపు తమ రేటింగ్‌ను బాగా మించి కరెంటు లాగుతాయి. ఆ ఉలికిపాటును ఓవర్‌లోడ్ అనుకుని సున్నితమైన ఎస్‌ఎంపీఎస్ మూసుకుంటుంది. ఈ బాధకు జవాబుగానే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, 450 వాట్లకు మించిన మోడళ్లు రేటింగ్‌కు రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్ల పాటు ఓర్చుకోవాలని పెట్టింది.

లోడులో ఆగడానికి రెండో పెద్ద కారణం ప్రాసెసర్ వేడి, దాన్ని దీనితో కలపకూడదు. వేడి వల్ల ఆగేది సాధారణంగా ముందు నెమ్మదిస్తుంది, ఫ్యాన్లు హోరెత్తుతాయి, ఆగాక వెంటనే ఆన్ చేస్తే ఈసారి ఇంకా త్వరగా పోతుంది. ఎస్‌ఎంపీఎస్ మూసుకోవడం కత్తిరించినట్టు ఉంటుంది, ఏ ముందస్తు సూచనా ఉండదు.

ఇలాంటప్పుడు, జరిగినవాటిని విండోస్ నమోదు చేసి చూపే ఈవెంట్ వ్యూయర్‌లో "కెర్నల్-పవర్ 41" అని ఎర్రగా కనిపిస్తుంది. పేరులో పవర్ ఉంది కదా అని ఎస్‌ఎంపీఎస్ మీద నేరం మోపేస్తారు. ఆ నమోదుకు అర్థం ఒక్కటే: కంప్యూటర్ పద్ధతిగా షట్‌డౌన్ కాకుండా మళ్లీ మొదలైంది. కరెంటు పోయినా అదే, మీరు బటన్ నాలుగు సెకన్లు నొక్కిపట్టి ఆపినా అదే. కాస్త సమాచారం దొరికేది దాని వివరాల్లో ఉండే బగ్‌చెక్ కోడ్‌లో, అంటే విండోస్ ఏ లోపంతో ఆగిందో చెప్పే సంఖ్యలో. అది 0 కాకుండా ఉదాహరణకు 159 అయితే, విండోస్ బ్లూ స్క్రీన్‌తో ఆగింది. ఆ సంఖ్య డ్రైవర్ పవర్ స్థితికి సంబంధించిన లోపాన్ని సూచిస్తుంది, ఎస్‌ఎంపీఎస్ మారిస్తే పోయేది కాదు. 0 అయితే విండోస్‌కు ఏదీ రాసుకునే వ్యవధి దొరకలేదు. అప్పుడు ఎస్‌ఎంపీఎస్ అనుమానితుల్లో ఒకటి, అంతవరకే.

## కరెంటు పోయి వచ్చిన క్షణంలోనే రీస్టార్ట్ అయితే

మన దగ్గర ఎక్కువమందిని తికమకపెట్టేది ఇదే. ఇన్వర్టర్ ఉంది, మిగతా ఇల్లంతా నడుస్తోంది, కంప్యూటర్ ఒక్కటే ఎందుకు పడిపోతుంది?

కరెంటు పోయాక ఇన్వర్టర్ బ్యాటరీకి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ ఖాళీలో ఎస్‌ఎంపీఎస్ తన పెద్ద కెపాసిటర్‌లో నిల్వ ఉన్నదానితో నెట్టుకురావాలి. మోటారు ఆగినా మేడ మీది ట్యాంకులో నీళ్లున్నంతసేపు కుళాయి వస్తుంది కదా, అలాంటిదే. ఎంతసేపు నెట్టుకురాగలదో దాన్ని హోల్డప్ టైమ్ అంటారు. ఏటీఎక్స్ నియమాలు దీన్ని ఒక ఏసీ ఆవృత్తానికి కాస్త తక్కువగా, 16, 17 మిల్లీసెకన్ల ప్రాంతంలో అడుగుతూ వచ్చాయి. ఎంత భారం దగ్గర కొలవాలన్నది కూర్పును బట్టి మారింది.

లెక్క వేసి చూద్దాం. కెపాసిటర్‌లో శక్తి దాని విలువలో సగాన్ని వోల్టేజి వర్గంతో గుణిస్తే వస్తుంది. 330 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 325 వోల్టుల దగ్గర 17.4 జౌళ్లు దాచుకుంటుంది. వోల్టేజి 220కి పడేదాకా ఎస్‌ఎంపీఎస్ పనిచేస్తుందనుకుంటే, ఆ చివర మిగిలేది 8 జౌళ్లు. వాడుకోగలిగేది 9.4. కంప్యూటర్ 200 వాట్లు వాడుతోంది, సమర్థత 80 శాతం. అంటే కెపాసిటర్ నుంచి పోయేది 250 వాట్లు. 9.4ను 250తో భాగిస్తే దాదాపు 38 మిల్లీసెకన్లు. ఇన్వర్టర్ 20 మిల్లీసెకన్లలో అందుకుంటే కంప్యూటర్‌కు ఏమీ తెలియదు.

ఇప్పుడు అదే కంప్యూటర్, అదే ఇన్వర్టర్, కానీ వీధిలో లో వోల్టేజి. సాకెట్లో 180 వోల్టులే ఉన్నాయి. శిఖరం 254 వోల్టులకు తగ్గింది. నిల్వ 10.7 జౌళ్లు, వాడుకోగలిగేది 2.7. భాగిస్తే 11 మిల్లీసెకన్లు. ఇన్వర్టర్ అందుకునేలోపే కంప్యూటర్ పడిపోతుంది. వోల్టేజి తగ్గింది 22 శాతం, ఓర్పు తగ్గింది 70 శాతానికి పైగా. పగలు బాగుండి, ఊరంతా మోటార్లు, ఏసీలు నడిచే వేళల్లోనే రీస్టార్ట్ కావడం వెనక ఈ లెక్క ఉంది. ఎస్‌ఎంపీఎస్ పాడవలేదు. కెపాసిటర్ వయసుతో సగం సత్తా కోల్పోయి ఉంటే పగలు కూడా ఇదే పరిస్థితి, అప్పుడు మాత్రం మార్చాల్సిందే.

యాక్టివ్ పీఎఫ్‌సీ (లాగే కరెంటును ఏసీ అల ఆకారానికి సర్దే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లలో ఈ కథ మారుతుంది. వాటిలో ముందు దశ, సాకెట్లో 180 ఉన్నా 240 ఉన్నా, కెపాసిటర్‌ను సుమారు 380, 390 వోల్టుల దగ్గర నిలబెడుతుంది. లో వోల్టేజి ప్రాంతాల్లో వాటికి ఇచ్చే అదనపు ధరకు ఫలితం కనిపించేది ఇక్కడే. స్టెబిలైజర్ అవసరం కూడా వాటికి తక్కువ. నిజానికి రిలేలతో పనిచేసే స్టెబిలైజర్ మెట్టు మారిన ప్రతిసారీ తానే ఒక చిన్న ఖాళీ సృష్టిస్తుంది.

ఇంటి ఇన్వర్టర్లలో చాలావాటికి వెనకాల ఒక స్విచ్చి ఉంటుంది, సాధారణ మోడ్, యూపీఎస్ మోడ్ అని. సాధారణ మోడ్‌లో మారడానికి 40 మిల్లీసెకన్ల దాకా పట్టొచ్చు. యూపీఎస్ మోడ్‌లో అందులో సగమో, అంతకన్నా తక్కువో. మరి అందరూ యూపీఎస్ మోడ్‌లోనే ఎందుకు ఉంచరు? ఆ మోడ్‌లో వోల్టేజి 180 ప్రాంతానికి దిగగానే అది కరెంటు పోయినట్టు లెక్కేసి బ్యాటరీకి మారిపోతుంది. లో వోల్టేజి ఊళ్లో రోజంతా బ్యాటరీ కరిగిపోతుంది. ఎలక్ట్రీషియన్ దాన్ని సాధారణ మోడ్‌లో పెట్టి వెళ్లాడంటే ఆయనకు కారణం ఉంది. కంప్యూటర్‌కు విడిగా చిన్న యూపీఎస్ పెట్టుకోవడానికీ అంతే కారణం ఉంది.

యూపీఎస్ విషయంలో ఒక పాత వాదం నడుస్తూనే ఉంది. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఉన్నప్పుడు నునుపైన అల బదులు మెట్లు మెట్లుగా ఉండే తరంగం ఇస్తాయి. యాక్టివ్ పీఎఫ్‌సీ ఎస్‌ఎంపీఎస్‌లు దాన్ని భరించలేవని ఒక వర్గం, ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా వాడుతున్నామని ఇంకో వర్గం. రెండూ జరిగేవే. పీఎఫ్‌సీ సర్క్యూట్ అల ఆకారాన్ని అనుసరిస్తుంది, ఆకారం హఠాత్తుగా విరిగితే కొన్ని గుయ్‌మంటాయి, కొన్ని ఆ క్షణంలో ఎక్కువ కరెంటు లాగి యూపీఎస్‌నే ఓవర్‌లోడ్‌లోకి నెడతాయి, చాలావరకు పట్టించుకోవు. ఫలితం ఆ రెండు మోడళ్ల జతను బట్టి, భారాన్ని బట్టి ఉంటుంది. భారం విషయంలో తరచూ జరిగే పొరపాటు 600 వీఏ అంటే 600 వాట్లనుకోవడం. చాలా చిన్న యూపీఎస్‌లలో 600 వీఏ అంటే 360 వాట్లే. మానిటర్, గ్రాఫిక్స్ కార్డు కలిపితే అది చిటికెలో నిండిపోతుంది.

లో వోల్టేజికి పూర్తిగా ఎదురుదిక్కున ఉండే ప్రమాదం న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, తెగడం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తీగ ఊడితే ఒక్కో ఫేజు మీదున్న ఇళ్ల భారాన్ని బట్టి వోల్టేజి ఇష్టమొచ్చినట్టు పంచుకుంటుంది. కొన్ని ఇళ్లలో లైట్లు మిణుకుమంటాయి, కొన్నింట్లో వోల్టేజి 400 వైపు ఎగబాకుతుంది. వీధంతా టీవీలు, చార్జర్లు ఒకేసారి పోయాయని వినేది ఇలాంటి రోజునే. ఎస్‌ఎంపీఎస్‌లోని రక్షణ భాగం తాను పేలిపోయి ఫ్యూజును తెంపుతుంది, చాలాసార్లు మిగతా కంప్యూటర్ బతికిపోతుంది.

## కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమనడం

కంప్యూటర్ బాగానే నడుస్తుంది, కానీ చెప్పులు లేకుండా కేబినెట్ తాకితే జివ్వుమంటుంది. "బాడీకి కరెంటు వస్తోంది, ఎస్‌ఎంపీఎస్ లీకవుతోంది" అంటారు. నిజానికి చాలా సందర్భాల్లో ఎస్‌ఎంపీఎస్ తయారైన పద్ధతే అంత. రేడియో అలజడిని అణచడానికి లోపల ఫేజు నుంచి బాడీకి, న్యూట్రల్ నుంచి బాడీకి రెండు చిన్న కెపాసిటర్లుంటాయి. ఎర్త్ ఉంటే వాటి గుండా వచ్చే కాస్త కరెంటు నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే బాడీ 230కి సగం, అంటే 115 వోల్టుల చుట్టూ తేలుతుంది. టెస్టర్ పెడితే వెలుగుతుంది, భయం వేస్తుంది. అలాంటి కెపాసిటర్ 4.7 నానోఫారడ్లదైతే దానిలోంచి పోగలిగేది 0.34 మిల్లీ ఆంపియర్లు. ఒంటికి తెలుస్తుంది, సాధారణంగా ప్రాణాపాయం ఉండదు. మానిటర్, ప్రింటర్ కూడా అదే బాక్సులో ఉంటే అవన్నీ కలుస్తాయి.

కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టినా ఇది పోదు. దానిలోనూ అవే కెపాసిటర్లుంటాయి. చూడాల్సింది మూడో పిన్ను నిజంగా నేలదాకా చేరిందా అన్నది. చాలా పాత ఇళ్లలో సాకెట్‌కు మూడు రంధ్రాలుంటాయి, వెనకాల తీగలు రెండే ఉంటాయి. ఎర్త్ గొయ్యి ఉన్నచోట కూడా ఎండాకాలం మట్టి ఆరిపోతే అది బలహీనపడుతుంది. ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోస్తూ ఉండమనేది అందుకే. ఎర్త్ ఉందని తేలాక కూడా జివ్వుమంటే మాత్రం అది వేరే విషయం, నిజమైన లీకేజి కావచ్చు. ప్లగ్ తీసేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిన పరిస్థితి.

## ముందు మార్చాలా, ముందు వెతకాలా

షాపువాళ్ల పద్ధతికి ఒక న్యాయం ఉంది. వాళ్ల బల్ల మీద పనిచేసే ఎస్‌ఎంపీఎస్ ఎప్పుడూ ఒకటి ఉంటుంది. దాన్ని తగిలించి చూడటానికి ఐదు నిమిషాలు చాలు, మల్టీమీటర్‌తో గంటసేపు కూర్చుంటే ఆ కూలి ఎవరూ ఇవ్వరు. మల్టీమీటర్ కూడా అన్నీ చూపదు: అది సగటు చూపిస్తుంది, మిల్లీసెకను పాటు పడి లేచిన వోల్టేజి దానికి కనిపించదు. వెతికి తీరాలనేవాళ్ల వాదనకూ బలముంది. బోర్డులో షార్టు ఉంటే కొత్త ఎస్‌ఎంపీఎస్ కూడా మూసుకుంటుంది. లో వోల్టేజి సమస్య అయితే కొత్తదీ అలాగే పడిపోతుంది. చవకది తీసి ఇంకో చవకది పెడితే ఆ 192 వాట్ల లెక్క మారదు.

ఇద్దరూ ఒప్పుకోవాల్సిన చిక్కు ఒకటుంది. ఎస్‌ఎంపీఎస్ మార్చడమంటే అన్ని కనెక్టర్లూ ఊడదీసి మళ్లీ గట్టిగా పెట్టడం, బోర్డును కాసేపు పూర్తిగా కరెంటు లేకుండా ఉంచడం, లోపలి దుమ్ము కాస్త కదలడం. ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా సమస్యను తీర్చి ఉండొచ్చు, ఆ ఘనత కొత్త డబ్బాకు పోతుంది. పాతదాన్ని తిరిగి బిగించి చూస్తే ఐదు నిమిషాల్లో తేలుతుంది. దానితోనూ కంప్యూటర్ హాయిగా నడిస్తే, పోయింది ఎస్‌ఎంపీఎస్ కాదు, ఒక వదులు కనెక్టర్.